ఇంటి సిగ్నల్ బూస్టర్: బలం తరిగే తీరు

సెల్ సిగ్నల్ బూస్టర్ సొంతంగా సంకేతాన్ని పుట్టించే యంత్రం కాదు; డాబా మీది యాంటెన్నా దూరపు టవరు నుంచి అందుకున్న బలహీన తరంగాలను కోయాక్సియల్ కేబుల్ గుండా కిందికి దించి, యాంప్లిఫయర్ అనే వర్ధకంలో పెంచి, లోపలి యాంటెన్నా ద్వారా గదుల్లోకి వదలడం, ఫోను పంపే తరంగాలను అదే దారిన టవరుకు చేర్చడం మాత్రమే దాని పని. అందువల్ల దాని పనితనం మారడానికి కారణాలు తరచుగా పెట్టె బయటే ఉంటాయి.

వర్ధకం కాలంతో మారిపోవడం పాత సమస్యే. సుదూర టెలిఫోన్ మార్గాల్లో వరుసగా అమర్చిన వాల్వులు వయసుకు, వేడికి గుణం మార్చుకొని మాటలను చెడగొడుతున్న కాలంలో, బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ 1927 ఆగస్టు 2న హడ్సన్ నది దాటే ఫెర్రీలో ప్రయాణిస్తూ, వర్ధకం నుంచి వెలువడే సంకేతంలో కొంత భాగాన్ని తలకిందులు చేసి మళ్లీ లోపలికే పంపితే వర్ధనం తగ్గినా స్థిరంగా నిలుస్తుందని గుర్తించాడు. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అనే ఈ సూత్రం ఎలక్ట్రానిక్స్ చరిత్రలోని మహత్తరమైన ఆలోచనల్లో ఒకటి. అయితే అది వర్ధకం లోపలి మార్పులను అదుపు చేయగలదే గాని, రెండు యాంటెన్నాల మధ్య గాలిలో ఏర్పడే ఫీడ్‌బ్యాక్‌ను ఆపలేదు. లోపలి యాంటెన్నా వదిలిన తరంగం డాబా మీదికి తిరిగి చేరి మళ్లీ మళ్లీ పెరిగితే, స్పీకరు ముందు పెట్టిన మైకు కూసినట్టే బూస్టరు కూడా డోలనంలో పడుతుంది గనుక, మంచి బూస్టర్లు ఆ స్థితి రాకముందే వర్ధనాన్ని తగ్గించుకుంటాయి. గాలివానకు యాంటెన్నా కొద్దిగా పక్కకు తిరిగినా, డాబా మీద కొత్తగా వేసిన రేకుల షెడ్డు తరంగాలను వెనక్కి కొట్టినా, ఏ లోపమూ లేని పెట్టె బలహీనపడినట్టు కనిపించేది ఇందుకే.

ఒకవైపు ఇంద్రకీలాద్రి, మరోవైపు కృష్ణానది ఉన్న విజయవాడ భవానీపురంలో పరిసరాల ప్రభావం మరింత స్పష్టం. కొండ తరంగాలకు అడ్డు నిలుస్తుంది. అవతలి ఒడ్డు టవరు నుంచి నేరుగా వచ్చే తరంగమూ, నీటిపై పరావర్తనం చెంది వచ్చే తరంగమూ కలిసినప్పుడు ఒకదాన్నొకటి బలపరచనూవచ్చు, రద్దుచేయనూవచ్చు. 1800 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 17 సెంటీమీటర్లే కాబట్టి, ప్రకాశం బ్యారేజీ ఎగువన నీటిమట్టం మారినా ఆ కలయిక మారవచ్చు. మధ్యలో కొత్త అపార్ట్‌మెంటు లేస్తే ఇక చెప్పనక్కరలేదు. డెల్టా తేమ సరిగా మూయని కేబుల్ కనెక్టరులోకి చేరి రాగి అల్లికను తుప్పు పట్టిస్తుంది. అక్కడ కేవలం 3 డెసిబెల్‌ల నష్టం జరిగినా శక్తిలో సగం పోయినట్టే. వేసవి వేడి పవర్ అడాప్టరులోని కెపాసిటర్ల ఆయుష్షును తగ్గిస్తుంది.

నెట్‌వర్క్ కూడా మారుతుంది. 2022 డిసెంబరు 26న విజయవాడలో జియో 5జీ మొదలైంది. 900, 1800 మెగాహెర్ట్జ్‌లకు చేసిన పాత బూస్టరు 3300 మెగాహెర్ట్జ్ 5జీని అందించలేదు. దసరాకు, భవానీ దీక్షల విరమణకు జనం పోటెత్తినప్పుడు గీతలు నిండుగా కనిపించినా ఇంటర్నెట్ మందగిస్తుంది, ఎందుకంటే బూస్టరు సంకేత బలాన్ని పెంచుతుంది గాని టవరు సామర్థ్యాన్ని కాదు.

అదుపు తప్పిన బూస్టరు టవరులోకి రొదను పంపి ఇరుగుపొరుగు ఫోన్లకూ అంతరాయం కలిగిస్తుంది. అందుకే భారతదేశంలో లైసెన్సు లేకుండా వ్యక్తులు దీన్ని అమర్చుకోవడం నేరం. సిగ్నల్ అందని ఇళ్లవారు సేవాసంస్థకు ఫిర్యాదు చేయడం, బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ వాడుకోవడం మేలు.