దేవదాసు చిత్రము - కరుణరసము

పల్లెలలో హరిశ్చంద్ర నాటకమాడునపుడు కాటిసీను ముగియువఱకు జనులు కదలరు. కనిగిరి, పొదిలి ప్రాంతములందును, తక్కిన తెలుగు సీమలందును ఇది యొక్కటే తీరు. కథ యెట్లు ముగియునో చిన్నపిల్లలకును తెలియును. అయినను హరిశ్చంద్రుడు పద్యమెత్తుకొనగానే అందఱి కన్నులు చెమర్చును. తెలిసిన దుఃఖమే మరల మరల కదలించుటకు కారణమేమి?

1953లో విడుదలయిన 'దేవదాసు' చిత్రమును పరిశీలించినచో ఈ కారణము కొంత బోధపడును. వంగరచయిత శరత్ చంద్ర చట్టోపాధ్యాయుని నవల దీనికి మూలము. దర్శకుడు వేదాంతం రాఘవయ్య. దేవదాసుగా అక్కినేని నాగేశ్వరరావు, పార్వతిగా సావిత్రి నటించిరి. బాల్యమునుండి కలిసి పెరిగిన ఆ యిరువురిని వంశప్రతిష్ఠ, ధనగర్వము విడదీయును. తండ్రి కాదన్నవేళ దేవదాసు ఎదిరించి నిలువలేకపోవును. పార్వతి యొక వృద్ధ జమీందారునకు భార్యయగును. దేవదాసు మద్యమునకు బానిసయై, తుదకు ఆమె వాకిటనే ప్రాణములు విడుచును.

ఈ కథను మాటలలో చెప్పిన నిమిషములో ముగియును. పాట యట్లు కాదు. ఒక్క అక్షరము రాగములో సాగినంతసేపు వినువాని మనస్సు ఆ బాధలోనే నిలుచును. సముద్రాల రాఘవాచార్యుల పదములు, సి. ఆర్. సుబ్బరామన్ స్వరములు, ఘంటసాల కంఠము కలిసి, దేవదాసు నోరు విప్పి చెప్పలేని దానిని చెప్పెను. రంగస్థలమున నటుడు చివరి వరుసవఱకు వినబడునట్లు ఎలుగెత్తి పాడవలెను. చలనచిత్రమున మైక్రోఫోను మెల్లని స్వరమును, నిట్టూర్పును సైతము గ్రహించును. కెమెరా ముఖమును దగ్గఱకు తెచ్చును. నిండిన హాలులో కూర్చున్నను, ఆ దుఃఖము తనకొక్కనికే చెప్పినట్లు ప్రేక్షకునకు తోచును.

ఇట్టి ప్రభావము వెనుక ఎంతో శ్రమ యున్నది. త్రాగుబోతు దృశ్యములను రాత్రివేళలందు చిత్రించిరి. నిద్రలేమి నాగేశ్వరరావు కన్నులకు మత్తు నిచ్చెను. సంగీతము కూర్చిన సుబ్బరామన్, చిత్రము విడుదల కాకమున్నే, 1952లో మరణించెను. తన బాణీలు విని జనులు కంటతడి పెట్టుట ఆయన చూడలేదు.

కన్నీరు తెప్పించుటయే కరుణరసమునకు ప్రయోజనము కాదు. హరిశ్చంద్రుడు సత్యమును వీడక కష్టముల పాలయ్యెను; దేవదాసు పలుకవలసినవేళ పలుకక కష్టముల పాలయ్యెను. మొదటివానిని చూచి తల వంచుదుము. రెండవవానిని చూచి, 'ఆనాడు ఒక్కమాట అనియుండినచో!' అని చింతింతుము. ఆ చింతతో ఇల్లు చేరినవాడు, తనకట్టి వేళ వచ్చినపుడు పలుకుటకు కొంత ధైర్యము కూర్చుకొనును.