మీకు తెలుసా? గైడు కొంటే ఆట గెలుస్తామా!

1985లో జపాన్‌లో ఎక్కువగా అమ్ముడుపోయిన పుస్తకం ఏదో తెలుసా? ‘సూపర్ మారియో బ్రదర్స్’ అనే వీడియో గేమ్ ఎట్లా ఆడాలో చెప్పే గైడు. తోకుమా షోతెన్ అనే ప్రచురణ సంస్థ దాన్ని వేసింది. ఏ గొట్టంలో దూరితే ఎక్కడ తేలతామో, ఏ ఇటుకను గుద్దితే ఏం రాలుతుందో బొమ్మలతో సహా చూపించారు. పెద్ద పెద్ద రచయితలంతా ఆ ఏడు మారియో అనే ఈ మీసాల ప్లంబరు వెనకే నిలబడాల్సి వచ్చింది.

చిప్పగిరి లాంటి చిన్న ఊళ్ళో పిల్లోడికి అట్లాంటి గైడు కావాలంటే ఆదోనికో, పక్కనున్న గుంతకల్లుకో పోవాలి. పోయినా, అంగడాయన తీసిచ్చేది పదో తరగతి గైడే!

మరి మనవాళ్ళు ఆటల్లోని కిటుకులు ఎట్లా నేర్చుకున్నారు? నోటిమాటగానే. టీవీకి తగిలించే నకలు పెట్టెలో క్యాసెట్టు గుచ్చి ‘కాంట్రా’ ఆడినవాళ్ళను అడగండి. పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ. ఈ వరస నొక్కితే మూడు ప్రాణాలకు బదులు 30 వస్తాయి. దీన్ని పెట్టింది కజుహిసా హషిమొతో, కొనామీ అనే ఆటల కంపెనీ ఉద్యోగి. 1986లో ‘గ్రేడియస్’ ఆటను ఇంటి పెట్టెకు సిద్ధం చేస్తున్నాడాయన. పరీక్షించి చూడాలంటే ఆట చివరిదాకా పోవాలి, తాను చేస్తున్న ఆటే తనకు కష్టమైపోయింది. అందుకని తన కోసం ఒక దొడ్డిదారి పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ వరస ‘కాంట్రా’లోకీ వచ్చింది, ప్రపంచమంతా పాకింది. 2003లో కంప్యూటర్లకు వచ్చిన ‘వైస్ సిటీ’ ఆట సంగతీ అంతే. నెట్ సెంటర్‌కు పోయేముందు నోటు పుస్తకం చివరి పేజీలో ‘పాంజర్’ అని రాసుకుంటే చాలు. ఆటలో ఆ అక్షరాలు కొట్టగానే నడిరోడ్డు మీద యుద్ధట్యాంకు దిగేది. ఇంత చిన్న ముక్క కోసం ఎవరైనా పుస్తకం కొంటారా!

కొన్నవాళ్ళు లేకపోలేదు, ముఖ్యంగా అమెరికాలో. అక్కడ 1990లో మొదలైన ప్రైమా గేమ్స్ ఈ గైడ్లకే పెట్టింది పేరు. ఆట విడుదలైన రోజే గైడు కూడా అంగట్లో ఉండాలి కదా. అందుకని గైడు రాసేవాళ్ళకు ఇంకా పూర్తికాని ఆటను ముందే ఇచ్చేవాళ్ళు. పుస్తకం అచ్చుకు పోయాక కంపెనీ ఆటలో ఏదైనా మార్చిందంటే ఆ పేజీ తప్పయిపోయేది. ఇక 2000లో బ్రాడీగేమ్స్ అనే మరో గైడ్ల సంస్థ తెచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 9’ గైడుది మరో తమాషా. డబ్బులు పోసి కొన్న పుస్తకంలో అసలు విషయం వచ్చేసరికి ‘మిగతాది మా వెబ్‌సైట్‌లో చూడండి’ అని ఉండేది. తిట్టుకోని ఆటగాడు లేడు. ఆ బ్రాడీగేమ్స్ 2015లో ప్రైమాలో కలిసిపోయింది. 2018లో ప్రైమా కూడా ‘ఇక గైడ్లు వేయం’ అని ప్రకటించింది. యూట్యూబ్‌లో ఉచితంగా, అదీ మన భాషలోనే చూపిస్తుంటే పుస్తకం ఎవరికి కావాలి?

ఇప్పుడు మన పిల్లల చేతుల్లో ఉన్న ఆటలకైతే అచ్చు గైడు శుద్ధ దండగ. మన దేశంలో పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో నిషేధించారు. 2021 జులైలో అదే బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 జులైలో దాన్నీ ఆపేశారు, 2023 మేలో మళ్ళీ తెరిచారు. ఆట ఉంటుందో పోతుందో తెలియనిదానికి గైడు ఎవరు రాస్తారు, రాసినా ఎవరు కొంటారు? ఉన్నన్నాళ్ళయినా ఒకే తీరుగా ఉండదు. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా తుపాకుల బలం మారుతుంది, మ్యాపులు మారతాయి. మొన్నటి కిటుకు ఇవాళ్టికి పనిచేయదు.

అయితే డబ్బు పెట్టి కొనదగ్గ ఆట పుస్తకాలే లేవా అంటే, ఉన్నాయి. రూల్సు మారని ఆటలవి. రూబిక్ క్యూబ్ చూడండి. 1981లో జేమ్స్ నర్స్ రాసిన చిన్న పుస్తకం 60 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అదే ఏడు ఇంగ్లండులో పాట్రిక్ బోసర్ట్ అనే బడిపిల్లాడు రాసిన క్యూబ్ పుస్తకం కూడా లక్షల్లో పోయింది. అప్పటి పుస్తకం ఇప్పుడు ముందు పెట్టుకుని, ఎమ్మిగనూరు సంతలో కొన్న క్యూబ్ తిప్పినా రంగులు కుదురుతాయి.

చదరంగం ఇంకా గట్టిది. ఇప్పుడున్న రూల్సు చాలామటుకు ఐరోపాలో 15వ శతాబ్దం చివర కుదురుకున్నాయి. బాబీ ఫిషర్ 1969లో అచ్చేసిన ‘మై 60 మెమరబుల్ గేమ్స్’లోని ఎత్తు ఇప్పటికీ ఎత్తే. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లో, మళ్ళీ 2024లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ కొట్టింది. కానీ ఆమెకు మొదట ఆట నేర్పింది తండ్రి అశోక్. పుస్తకం ఉన్నా పక్కన ఎదురాడి తప్పు చూపించే మనిషి కావాలన్నమాట. పిల్లోడు గైడు కోసం మారాం చేస్తే నేనైతే చదరంగం పుస్తకం కొనిస్తాను, ఏడ్చినా సరే.

రచ్చకట్ట మీద గీతలు గీసి ఆడే పులిజూదానికైతే గైడుతోనే పని లేదు. మూడు పులులు, పదిహేను మేకలు. చింతగింజలూ గులకరాళ్ళూ ఉంటే ఆట సిద్ధం. వెనక ఖాళీ లేని చోట మేకను పెట్టు, పులి దూకలేదు. పెద్దాయన పక్కన కూర్చుంటే ఒక్క పూటలో వంటబట్టే కిటుకిది. నేపాల్లో దీనికి దాయాది ఆట ఉంది, బాఘ్‌చాల్. అందులో నాలుగు పులులు, ఇరవై మేకలు. లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్‌గెల్ట్ అనే పరిశోధకులు దాన్ని కంప్యూటర్‌తో లెక్క తేల్చారు. ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే పులీ గెలవదు, మేకా గెలవదు, డ్రాయే! మన మూడు పులుల ఆటకు మాత్రం ఈ తీర్పు వర్తించదు. రూల్సు వేరు, గీతలు వేరు.

చివరగా పేకాట. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో, రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటేనని సుప్రీంకోర్టు 1960ల్లో చెప్పింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో ఆలోచించాలి అన్నది కోర్టు చూపిన కారణం. ఆ లెక్కన రమ్మీకి గైడు పనికొస్తుంది. కానీ ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. కాబట్టి ‘రమ్మీ గెలుపు రహస్యాలు’ అంటూ ఫోనులో ఎవరైనా పుస్తకమో, వీడియో కోర్సో అమ్మజూపితే, కొన్నాక వాటిని వాడి డబ్బు పెట్టి ఆడడానికి చట్టం ఒప్పుకునే యాప్ ఒక్కటీ లేదు.