ఎడమకాలి పాఠం

శనివారం సాయంత్రం మా నాయుడుపేట గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడేటప్పుడు కుడికాలు బంతికి తగిలిందంటే ఫౌల్. కొత్తగా వచ్చిన పిల్లలు తెల్లబోతారు. "ఏంది సార్, ఎడంకాలితో తంతే బంతి పోతేగదా!" అంటారు. నిజమే, మొదట్లో పోదు. పోయినా పక్కన కూర్చున్న వాళ్ళ మీదికి పోతుంది. ఎడమకాలితో తన్నాలంటే ముందు దారికి రావాల్సింది కుడికాలే. ఒంటి బరువంతా అది మోయాలి. బంతికి జానెడు దూరంలో పాదం దించాలి. బంతి ఎటు పోవాలో కాలివేళ్ళు అటే చూడాలి. ఆ అడుగు కుదిరిన రోజున, "సార్, పోయింది సార్!" అని పిల్లోడు అరిచే అరుపు రైల్వేస్టేషన్ దాకా వినబడుతుంది.

ముప్పై ఏళ్ళు బడిలో డ్రిల్లు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఈ ఎడమకాలి ఆట నేను కనిపెట్టింది కాదు. హైదరాబాదులో ఒక బడిపంతులు పెట్టిన పద్ధతి. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవాళ్ళు.

రహీం 1909లో హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియా యూనివర్సిటీ జట్టుకు ఆడాడు. చదువయ్యాక బళ్ళలో పాఠాలు చెప్పాడు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల చేత ఆటలాడించాడు. ఆటగాడిగా ఆయన పేరు నగరం దాటి పెద్దగా పోలేదు. నేర్పడంలో మాత్రం దేశంలో ఆయన సరిజోడు నాకు కనబడలేదు.

ఆయన పద్ధతి కొత్తగా ఉండేది. బలంలేని కాలితోనే ఆడాలని నియమం పెట్టి పోటీలు నడిపాడు. బంతి అందగానే ఒక్క తాకుతో పక్కవాడికి ఇచ్చేయాలి, ఒక్కడే కాళ్ళ మధ్య తిప్పుకుంటూ పోగూడదు. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో గ్రౌండులో నిలబడి చూసినవాళ్ళకే తెలుస్తుంది. కుడికాలొక్కటే ఉన్నవాడు బంతిని కుడివైపుకు సర్దుకునేలోపు ఎదుటివాడు మీదికొచ్చేస్తాడు. రెండుకాళ్ళూ ఉన్నవాడికి సర్దుకునే పనే లేదు. ఆ ఒక్క క్షణమే ఆట.

నిజానికి ఫుట్‌బాల్‌లో ఒకరికొకరు బంతి అందించుకునే విద్యకు పేరుపడింది మొదట స్కాట్లండ్ వాళ్ళు. 1872 నవంబరు 30న గ్లాస్గోలో ఇంగ్లండుతో జరిగిన తొలి అంతర్జాతీయ మ్యాచ్‌లో ఇంగ్లండు ఆటగాళ్ళు ఒంటరిగా బంతి తోలుకుపోతుంటే, స్కాట్లండ్ వాళ్ళు కలిసి ఆడారు. అది 0-0గా ముగిసింది. తర్వాత ఆ విద్యను స్కాట్లండ్ ఆటగాళ్ళే ఊరూరా మోసుకుపోయారు. సెల్టిక్ జట్టుకు ఆడిన జేక్ మాడెన్ 1905లో ప్రేగ్ నగరానికి పోయి, స్లావియా జట్టుకు పాతికేళ్ళు గురువుగా ఉండి, ఆ ఊళ్ళోనే కన్నుమూశాడు. మాడెన్ కథ చదివినప్పుడల్లా నాకు రహీమే గుర్తొస్తాడు. ఇద్దరూ ఆడి ఆపేయలేదు, ఆటను ఇంకొకరి కాళ్ళలో పెట్టిపోయారు.

రహీం చేతికి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు వచ్చింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. దేశం జట్టు కూడా ఆయనకే అప్పగించారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చాడు.

మరుసటేడు హెల్సింకి ఒలింపిక్స్‌లో చెంపదెబ్బ తగిలింది. యుగోస్లావియా చేతిలో 10-1. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. ఆ తర్వాతే మన దగ్గర బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ళకు మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో అదే గురువు శిష్యులు ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదే 4-2తో కొట్టారు. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ వేశాడు. సెమీఫైనల్లో ఓడినా నాలుగో స్థానంలో నిలిచారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, జుల్ఫికరుద్దీన్, లతీఫ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ ఇలా హైదరాబాదు మట్టిలో పెరిగిన ఎంతమందో ఆ జట్టులో ఉన్నారు.

అన్నిటికంటే నాకు 1962 జకార్తా ఆసియా క్రీడలు ముఖ్యం. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. తర్వాత థాయిలాండ్ మీద ఆడుతుంటే డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకో కోచ్ అయితే అతన్ని బెంచీమీద కూర్చోబెట్టేవాడు. రహీం అతన్ని ముందు వరసలోకి, సెంటర్ ఫార్వర్డ్‌గా పంపాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో దాటారు. సెప్టెంబరు 4న ఫైనల్లో ఎదురైంది మళ్ళీ కొరియానే. మన అధికారి ఒకరి మాటలతో మండిపడుతున్న జకార్తా జనం స్టేడియమంతా మన జట్టును ఎగతాళి చేస్తోంది. అంత హోరులో పీకే బెనర్జీ ఒక గోలు, తలకు కట్టుతోనే జర్నైల్ ఒక గోలు. 2-1. బంగారం మనదే.

ఒక మనిషిని చూసి, వాడికే తెలియని పని వాడిచేత చేయించడం అది. పిల్లోడి చేత ఎడమకాలితో తన్నించడమూ అదే విద్య.

అప్పటికే ఆయన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంది. 1963 జూన్ 11న పోయాడు. 53 ఏళ్ళు. ఆయన తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు దక్కింది 1970 బ్యాంకాక్‌లో ఒక కంచు పతకం. అప్పటి కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదు వాడే. ఆ తర్వాత మళ్ళీ పతకం లేదు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు పుట్టిందే 1985లో, రహీం పోయిన 22 ఏళ్ళకు.

నేను పనిచేసిన ఒక బడిలో పరీక్షలు దగ్గరపడితే చాలు, డ్రిల్లు పీరియడు తీసి లెక్కలకిచ్చేవాళ్ళు. అడిగితే, "ఆటలు ఎప్పుడైనా ఆడుకోవచ్చు" అనేవాళ్ళు. నేను గట్టిగా కొట్లాడలేదు, కొట్లాడాల్సింది. దేశానికి రెండు బంగారు పతకాలు తెచ్చిన మనిషి ఒక బడిపంతులని ఆరోజు నా నోటికి రాలేదు.

మీ పిల్లల బడికి పోయినప్పుడు మార్కులతోపాటు ఈ మాట కూడా అడగండి: వారంలో డ్రిల్లు పీరియడ్లు ఎన్ని? వాటిలో పిల్లలు గ్రౌండులో ఉన్నవి ఎన్ని?