మూగ తెరకు గొంతొచ్చిన వేళ

సాయంత్రం ఆరున్నరకు బేగంపేటలో మెట్రో ఎక్కితే కాలు మోపడానికే చోటుండదు. కడ్డీలు పట్టుకున్న చేతుల సందుల్లోంచి చూస్తే పది ఫోన్లు వెలుగుతుంటాయి. ఇయర్‌ఫోన్లు తెచ్చుకున్నవాళ్ల సంగతి సరే. మర్చిపోయినవాళ్లు, పక్కవాళ్లు కసురుకుంటారని, సౌండు కట్టేసి మరీ చూస్తుంటారు. తెరమీద ఎవరో ఎవరినో తిడుతుంటారు, ఇంకెవరో ఏడుస్తుంటారు, కింద అక్షరాలు పరుగెడుతుంటాయి. మాట వినపడకపోయినా కథ తెలిసిపోతుంది. తర్వాతి స్టేషన్ అమీర్‌పేట. అక్కడ దిగితే సారథి స్టూడియో. ఇంకా ముందుకెళితే కృష్ణానగర్ దాకా సినిమాలకు గొంతు తొడిగే డబ్బింగ్ థియేటర్లు. మూకీ ప్రేక్షకుడు ఈ స్టేషన్‌లో ఎక్కుతున్నాడు, గొంతు అరువిచ్చేవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగుతున్నారు.

ఈ అరువు గొంతు 1931లోనే దొరికి ఉంటే మన సినిమా చరిత్రలో కొన్ని పేర్లు తారుమారయ్యేవి.

ఆ ఏడాది మార్చి 14న బొంబాయి మెజెస్టిక్‌లో ‘ఆలం ఆరా’ విడుదలైంది. దేశంలో మొదటి టాకీ. హీరో మాస్టర్ విఠల్. కత్తి తిప్పడంలో, గుర్రం దూకించడంలో మూకీ రోజుల్లో అతన్ని కొట్టినవాడు లేడు. శారదా స్టూడియోతో ఒప్పందం ఉండగానే, ‘ఆలం ఆరా’ తీసిన అర్దెషిర్ ఇరానీ పిలుపు విని ఆయన కంపెనీ ఇంపీరియల్‌కు వెళ్లాడు. పాత కంపెనీ కోర్టుకెక్కింది. విఠల్ తరఫున వాదించి గెలిపించిన వకీలు మహమ్మద్ అలీ జిన్నా. ఇంత రచ్చ చేసి తెచ్చుకున్న హీరో తీరా మైకు ముందు నిలబడితే ఉర్దూ నోరు తిరగలేదు. మరాఠీ మనిషి మరి. దాంతో అతని పాత్రను చాలాసేపు మంత్రం వేసినట్టు, స్పృహ ఉండీ లేనట్టు ఉంచేశారని చెబుతారు. తొలి టాకీ హీరోకు మాటలే తక్కువ. అది ఎంత తక్కువో ఇప్పుడు చూసి చెప్పే వీలు కూడా లేదు, ‘ఆలం ఆరా’ ప్రింటు ఒక్కటీ మిగల్లేదు.

అలాగని విఠల్ గొంతు పనికిరానిదా? ఆ తర్వాత మరాఠీ టాకీల్లో అతను చక్కగా నటించాడు. కాబట్టి తప్పు గొంతుది కాదు, భాషది. మూకీ తారల కథంతా దాదాపు ఇదే. ‘కీచుగొంతు బయటపడి హీరో దివాలా తీశాడు’ అన్న కథలు వినడానికి బాగుంటాయి గానీ, మన దగ్గర ఎక్కువమందిని తొక్కేసింది కీచుగొంతు కాదు, రాని భాష, పాడలేని పాట.

అప్పట్లో బొమ్మ, శబ్దం రెండూ ఒకేసారి పట్టాల్సిందే. స్టూడియో పక్కనే రైలు పట్టాలు ఉండటంతో ‘ఆలం ఆరా’ షూటింగ్ ఎక్కువగా రైళ్లు తగ్గిన అర్ధరాత్రి వేళ నడిచింది. మైకును ఎక్కడో కెమెరాకు కనపడనిచోట దాచాలి. వాయిద్యగాళ్లనూ అలాగే దాచాలి. నటుడు మైకు ఉన్న దిక్కుకే ముఖం పెట్టి మాట్లాడాలి, పాడాలి. నడుస్తూ పాడితే గొంతు దూరమైపోతుంది. పాట తర్వాత పాడిద్దాం, మాట తర్వాత చెప్పిద్దాం అనే వెసులుబాటు లేదు. నిన్నటిదాకా డైరెక్టరు పక్కనుంచి ‘ఏడువమ్మా, ఇంకా ఏడు’ అని అరుస్తుంటే నటించిన హీరోయిన్, ఇవాళ చీమ చిటుక్కుమంటే వినపడే నిశ్శబ్దంలో ఒంటరిగా నిలబడి రాగం తీయాలి. పదేళ్ల అనుభవం ఒక్క పూటలో పాతబడిపోయింది.

హాలీవుడ్‌లోనూ యాసే తీర్పు చెప్పింది. నటుల్లో తొలి ఆస్కార్ అందుకున్న ఎమిల్ యానింగ్స్ జర్మన్ యాసతో అక్కడ ఇమడలేక స్వదేశం వెళ్లిపోయాడు. అదే గ్రేటా గార్బోకైతే కంపెనీ తొందరపడలేదు. 1930లో ‘అన్నా క్రిస్టీ’ తీసి, స్వీడిష్ యాసకు సరిపోయే స్వీడిష్ పిల్ల పాత్రే ఇచ్చింది. ఆమె నెగ్గింది. చాప్లిన్ మొండికేసి 1940 దాకా సరిగ్గా నోరే విప్పలేదు. సొంత స్టూడియో ఉన్నవాడికి ఆ మొండితనం చెల్లింది.

మన దగ్గర అంత మొండితనం చెల్లనివారిలో ముందు వరస సులోచన. అసలు పేరు రూబీ మయర్స్, పుణేలో పుట్టిన యూదుల అమ్మాయి, సినిమాల్లోకి రాకముందు టెలిఫోన్ ఆపరేటర్. మూకీ కాలంలో ఆమె నెలజీతం బొంబాయి గవర్నర్ జీతాన్ని మించిందని చెప్పుకునేవారు. 1927లో ‘వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే’లో ఎనిమిది వేషాలు వేసింది. టాకీ వచ్చేసరికి హిందుస్తానీ రాదు. ఆమె చేసిన పని చూడండి: ఇంట్లో కూర్చుని భాష నేర్చుకుంది. నేర్చుకుని వచ్చి, తన పాత మూకీలనే మళ్లీ మాటలతో తీయించుకుంది. 1928 నాటి ‘మాధురి’ 1932లో మాట్లాడింది. ‘అనార్కలి’ 1935లో, వైల్డ్‌క్యాట్ ‘బంబయీ కీ బిల్లీ’గా 1936లో తిరిగొచ్చాయి. ఒకే నటి, ఒకే కథ. ఒకసారి గొంతు లేకుండా, ఒకసారి గొంతుతో. మూకీ తార టాకీలో నెగ్గగలదా అన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి పరీక్ష ఇంకొకటి లేదు. ఆమె పాసైంది, కాకపోతే కొన్నేళ్లకే. పాడుతూ మాట్లాడే కొత్త అమ్మాయిలు రావడంతో వెనక్కి జరిగింది. 1953లో ‘అనార్కలి’ మళ్లీ తీసినప్పుడు ఆమెకు దక్కింది సలీం తల్లి వేషం. ఫాల్కే అవార్డు 1973కి వచ్చింది.

‘ఆలం ఆరా’ హీరోయిన్ జుబేదాకు ఆ తిప్పలు లేవు. తల్లి ఫాత్మా బేగం ఉర్దూ నాటకాల్లోంచి వచ్చిన నటి, దర్శకురాలు. ఇంటి భాషే తెర భాష అయింది. మూకీ తార కాస్తా పాటలు పాడే తారగా మారిపోయింది. తర్వాత ఆమె హైదరాబాద్‌కు చెందిన మహారాజా నర్సింగ్‌గిర్ ధన్‌రాజ్‌గిర్‌ను పెళ్లాడింది. దేశపు తొలి టాకీ హీరోయిన్ మన ఊరి కోడలన్నమాట. ఈ సంగతి హైదరాబాద్ అంతగా చెప్పుకోదెందుకో.

ఇంకా తక్కువగా చెప్పుకునే పేరు పైడి జైరాజ్.

కరీంనగర్‌లో 1909లో పుట్టిన తెలుగువాడు. నిజాం కాలేజీలో చదివాడు. నిజానికి అతను కుర్రవాడుగా ఉన్న రోజుల్లోనే హైదరాబాద్‌లో మూకీ కంపెనీ ఒకటుండేది. కలకత్తా నుంచి వచ్చిన ధీరేన్ గంగూలీ 1922లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి ఇక్కడే వరసగా సినిమాలు తీశాడు. అతను తన హాల్లో ‘రజియా బేగం’ ఆడించినందుకు నిజాం ప్రభుత్వానికి కోపం వచ్చి ఊరు విడిచిపొమ్మంది. కంపెనీ మూటాముల్లె సర్దుకుంది. లేకుంటే జైరాజ్ బొంబాయి పోవాల్సిన పనే ఉండేది కాదేమో.

1929లో వెళ్లాడు. ‘స్పార్క్లింగ్ యూత్’తో మొదలుపెట్టి మూకీల్లో హీరో అయ్యాడు. కండపుష్టి, ఎత్తు, గుర్రమెక్కితే చూడముచ్చటగా ఉండే మనిషి. విఠల్‌కు ఉన్నవన్నీ ఉన్నాయి. విఠల్‌కు లేనిది ఒకటి అదనంగా ఉంది: హైదరాబాద్ చదువు. ఇంట్లో తెలుగు, బడిలో, బజారులో ఉర్దూ, కాలేజీలో ఇంగ్లిష్. ఇక్కడ పెరిగినవాళ్లకు ఇదేమీ గొప్ప కాదు. ఇరానీ హోటల్లో చాయ్ చెప్పినంత సులువుగా భాష మార్చేస్తారు. కానీ 1932లో బొంబాయి స్టూడియోలో ఆ సులువే లక్షలు చేసింది. ‘షికారీ’తో మాట్లాడటం మొదలుపెట్టిన జైరాజ్ ఆ తర్వాత ఆగలేదు. 1938లో బాంబే టాకీస్ ‘భాభీ’లో సాత్వికుడైన హీరో. 1950ల చివర ‘అమర్‌సింగ్ రాథోడ్’, ‘పృథ్వీరాజ్ చౌహాన్’, ‘టిప్పు సుల్తాన్’: చరిత్రలో కిరీటం పెట్టుకున్నవాడు ఎవరైనా ఆ వేషం జైరాజ్‌దే. 1951లో నర్గీస్‌తో ‘సాగర్’ స్వయంగా తీసి దర్శకత్వం చేశాడు. 1963లో హాలీవుడ్ వాళ్లు ‘నైన్ అవర్స్ టు రామా’ తీస్తే అందులో జి.డి. బిర్లాగా కనిపించాడు. 1980కి ఫాల్కే అవార్డు. 2000లో చనిపోయాడు. మూకీలో మొదలై కలర్, సినిమాస్కోప్ దాకా నడిచిన బతుకది.

అయినా ఇంట్లో మాట్లాడిన తెలుగు మాత్రం తెరమీద అతనికి అన్నం పెట్టలేదు. ఎందుకో తెలియాలంటే మద్రాసు వెళ్లాలి.

తెలుగువాళ్ల మూకీ చరిత్ర విచిత్రంగా శబ్దంతోనే మొదలైంది. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసులో మొదట తెప్పించింది క్రోనోమెగాఫోన్. గ్రామఫోన్ రికార్డును బొమ్మతో జతచేసి ఆడించే యంత్రం. ఆ తర్వాతే గెయిటీ హాలు, 1921లో కొడుకు ప్రకాశ్ తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’. కానీ మద్రాసు మూకీ పరిశ్రమ తారలను తయారుచేసేంత ఎదగకుండానే టాకీ వచ్చి మీద పడింది. కొత్త కంపెనీలు నేరుగా నాటక సమాజాల తలుపు తట్టాయి. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు సురభి కమలాబాయి, మునిపల్లె సుబ్బయ్య వచ్చారు. వందల మందికి మైకు లేకుండా పద్యం వినిపించగల గొంతులవి. వాళ్ల ముందు మూకీ నటుడెవరు నిలుస్తాడు?

చిత్తజల్లు పుల్లయ్య సంగతి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. కాకినాడలో ఇంటి ఆవరణలోనే ‘మార్కండేయ’ మూకీ తీసినప్పుడు యముడి వేషం తనే కట్టాడు. 1933లో ‘సావిత్రి’ టాకీకి దర్శకుడయ్యాక యముణ్ని వేమూరి గగ్గయ్యకు అప్పజెప్పాడు. మూకీ యముడికి మీసం, గద ఉంటే చాలు. టాకీ యముడు గర్జించాలి. గగ్గయ్య గర్జించాడు, ఊళ్లకు ఊళ్లు బళ్లు కట్టుకుని వచ్చాయి. తన బలం ఎక్కడో తెలిసినవాడు కాబట్టి పుల్లయ్య కెమెరా వెనక్కి జరిగి, తర్వాత పాతికేళ్లకు పైగా అక్కడే దర్జాగా నిలబడ్డాడు.

నెల్లూరు మనిషి వై.వి. రావు కూడా అంతే. మూకీ హీరో. టాకీల్లో దర్శకుడై 1934లో కన్నడంలో తొలి టాకీ ‘సతీ సులోచన’, 1937లో తమిళంలో ‘చింతామణి’ తీశాడు. ‘చింతామణి’ ఆడిన ఆట సామాన్యం కాదు. తెలుగులో 1939లో ‘మళ్ళీ పెళ్ళి’కి కాంచనమాల పక్కన హీరోగా తనే నిలబడ్డాడు. వితంతు వివాహం కథ. పద్యాలు అక్కర్లేదు, మనిషి మాట్లాడినట్టు మాట్లాడితే చాలు. మూకీ నటుడికి కావలసింది అదే. తొలి తెలుగు టాకీలు పురాణాలు కాక సాంఘికాలై ఉంటే రావులాంటివాళ్లు ఇంకా కొందరు తెరమీద మిగిలేవారనిపిస్తుంది.

వై.వి. రావే 1944లో ‘తహసీల్దారు’ తీశాడు. అందులో సి.హెచ్. నారాయణరావుకు ఎం.ఎస్. రామారావు పాడాడు. తెలుగులో తొలి నేపథ్య గాయకుడు ఆయనేనని చెబుతారు. పాట రాని హీరోకు పాట అరువిచ్చే పద్ధతి ఒక మాజీ మూకీ హీరో సెట్టు మీద స్థిరపడటం చరిత్ర వేసిన మంచి జోకు. హిందీలో ఇది 1935కే మొదలైంది. అంటే అక్కడ మూకీ తారల నెత్తిన పిడుగుపడ్డ కాలం నాలుగైదేళ్లే. ఆ నాలుగైదేళ్లు తట్టుకున్నవాడు బతికాడు. తట్టుకోలేనివాడికి మందు కనిపెట్టేసరికి ఊపిరి ఆగిపోయింది.

ఇప్పుడా బాధ ఎవరికీ లేదు. ముంబయి నుంచి వచ్చిన అమ్మాయి సెట్టులో అంకెలు లెక్కపెట్టినా సరే, పెదవి కదిలితే చాలు. చీకటిగదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఇంకో అమ్మాయి ఆ కదలికలో అచ్చ తెలుగు ఇరికిస్తుంది. ‘కొంచెం ముందుకెళ్లింది, ఇంకోటి చేద్దాం’ అని అద్దం అవతలి నుంచి ఇంజనీరు అంటాడు, లూప్ మళ్లీ తిరుగుతుంది. 1967లో ప్రహ్లాదుడిగా ముద్దుముద్దుగా మాట్లాడిన రోజారమణి పెద్దయ్యాక ఎందరో హీరోయిన్లకు గొంతయ్యారు. ఈ లెక్కన కొంగు బిగించి ఏడాదిపాటు హిందుస్తానీ నేర్చుకున్న సులోచన ఇవాళ అయితే ఒక్క పాఠం కూడా చదవక్కర్లేదు. విఠల్‌కు మంత్రం వేయించాల్సిన పనీ లేదు.

ప్రశ్నను తిరగేసి అడిగిన తెలుగువాడు ఒకాయన ఉన్నారు: టాకీ తారలు మూకీలో నెగ్గగలరా? సింగీతం శ్రీనివాసరావు 1987లో మాటలే లేని సినిమా తీశారు. కమల్‌హాసన్, అమల. డైలాగు రాసేవాడు లేడు, డబ్బింగ్ చెప్పేవాళ్లు లేరు. తెలుగులో ‘పుష్పక విమానం’ అన్నారు, హిందీలో ‘పుష్పక్’ అన్నారు. తమిళంలో పెట్టిన పేరు ‘పేసుం పడం’. అంటే, మాట్లాడే సినిమా.