అతిసూక్ష్మ లోపాలను చూపే కాంతి

పెడన, మచిలీపట్నాలలో కలంకారీ అద్దకం పని చూచిన వారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. కొయ్య అచ్చులో ఒక గీత విరిగిందంటే, ఆ అచ్చు పడిన ప్రతి చోటా గుడ్డపై అదే లోపం కనిపిస్తుంది. నేటి కంప్యూటర్లలోను, టెలిఫోనులలోను ఉన్న అర్ధవాహక చిప్పుల తయారీ కూడ ఒక విధమైన అద్దకమే. సిలికాన్ పలకపై కాంతికి స్పందించే పూత పూసి, నమూనా ఉన్న ఫలకం ద్వారా కాంతిని ప్రసరింపజేసి, ఆ పూతపై వలయాలను ముద్రిస్తారు. ఫలకంలో లోపముంటే అది ప్రతి చిప్పుకు సంక్రమిస్తుంది.

అయితే ఇక్కడి గీతలలో అతి సన్ననివి కొన్ని పదుల నానోమీటర్ల వెడల్పు మాత్రమే. నానోమీటరు అనగా మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. ఇంత సన్నని నిర్మాణాలలోని లోపాన్ని కాంతితో చూడగలమా? చూడలేమని శతాబ్దానికి పైగా శాస్త్రజ్ఞులు భావించారు. ఆ అభిప్రాయం ఎట్లు మారినదో ఈ వ్యాసంలో వివరింప ప్రయత్నిస్తాము.

కాంతికి గల హద్దు

వస్తువు నుండి వచ్చిన కాంతి కంటిని చేరుట వల్లనే చూపు కలుగుతుందని 11వ శతాబ్ది తొలినాళ్ళలో ఇబ్నుల్ హైతమ్ తన ‘కితాబుల్ మనాజిర్’ గ్రంథంలో వివరించాడు. తరువాతి కాలంలో సూక్ష్మదర్శిని వచ్చినది. కటకాలను ఎంత చక్కగా సానపట్టినప్పటికీ ఒక హద్దు దాటలేమని 1873లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎర్న్‌స్ట్ ఆబె నిరూపించాడు. కాంతి ఒక తరంగం గనుక, కటకం గుండా వచ్చిన బిందువు బిందువుగా ఉండక చిన్న వెలుగు ముద్దగా పరచుకొంటుంది. తరంగదైర్ఘ్యంలో సుమారు సగం కంటె దగ్గరగా ఉన్న రెండు బిందువులు ఒకటిగా కలిసిపోతాయి. ఆకుపచ్చని కాంతికి ఈ హద్దు 200 నానోమీటర్లకు కొంచెం అటు ఇటుగా ఉంటుంది.

చీకటి రాత్రి పాలకాయతిప్ప తీరాన నిలిచి సముద్రంపై చేపల పడవలను చూస్తున్నామనుకొందాము. దూరాన పక్కపక్కనే ఉన్న రెండు పడవల దీపాలు మనకు ఒకే వెలుగుగా తోస్తాయి. అవి ఒకదాని తరువాత ఒకటిగా వెలిగి ఆరితే, ఒక్కొక్క వెలుగు ముద్ద నడిమి బిందువును వేరువేరుగా కాగితంపై గుర్తింపవచ్చును. గుర్తులన్నీ పూర్తయిన పిదప కాగితం చూచిన, పడవలు విడివిడిగా తేలుతాయి. కన్ను మారలేదు, దూరమూ మారలేదు. దీపాలు వంతులవారీగా వెలిగినవి, అంతే.

ప్రతిదీప్తి అనగా

నోట్లను పరీక్షించుటకు దుకాణాలలో వాడే అతినీలలోహిత దీపాన్ని మనమందరం చూచియున్నాము. ఆ దీపం క్రింద నోటులోని కొన్ని పోగులు మెరుస్తాయి. కొన్ని పదార్థాలు తక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతిని గ్రహించి, ఎక్కువ తరంగదైర్ఘ్యం గల కాంతిని వెదజల్లుటయే ప్రతిదీప్తి. ఇట్లు మెరిసే అణువులే మన పడవ దీపాలు.

డబ్ల్యు. ఇ. మోర్నర్ 1989లో ఒకే ఒక అణువు కాంతిని గ్రహించుటను తొలిసారిగా గుర్తించాడు. 2006లో ఎరిక్ బెట్జిగ్ అణువులను కొద్దికొద్దిగా వెలిగించి, వేలాది చిత్రాలలో ఒక్కొక్కదాని స్థానాన్ని గుర్తించి, వాటిని ఒకే చిత్రంగా కూర్చాడు. దీని లెక్క మన విద్యార్థులకు కష్టం కాదు. వెలుగు ముద్ద విస్తృతి 100 నానోమీటర్లు, అందిన ఫోటాన్లు 400 అనుకొందాము. 400 యొక్క వర్గమూలం 20. 100ను 20చే భాగించగా 5 వచ్చును. అనగా స్థాన నిర్ణయంలో పొరపాటు సుమారు 5 నానోమీటర్లు మాత్రమే.

స్టెఫాన్ హెల్ 1994లో వేరొక మార్గం సూచించి, 2000లో దానిని ప్రయోగపూర్వకంగా చూపాడు. ఒక లేజరు అణువులను వెలిగిస్తుంది. నడుమ చిల్లి గల గారె ఆకారంలోని రెండవ లేజరు అంచులలోని అణువులను ఆర్పివేస్తుంది. చిల్లిలోనివి మాత్రమే మెరుస్తాయి. రెండవ లేజరు తీవ్రతను పెంచిన కొలది ఆ చిల్లి చిన్నదవుతుంది. ఈ ముగ్గురికీ 2014లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది.

అర్ధవాహకాలకు ఉపయోగం

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఇంకను సూక్ష్మమైన వివరాలు చూపుతుంది గదా, మరల కాంతి ఎందుకని అడుగవచ్చును. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి సాధారణంగా శూన్యస్థలం కావలెను. ఎలక్ట్రాన్ పుంజం మెత్తని పూతలను కుదింపవచ్చును. లోపలి పొరలను చూచుటకు తరచు నమూనాను కోయవలసి వస్తుంది. కాంతి మామూలు గాలిలోనే, నమూనాను కోయకుండ పని చేస్తుంది. పైగా ఆకారాన్నే గాక గుణాన్ని కూడ తెలుపుతుంది. అర్ధవాహకంలో కొన్ని లోపాలు వెలుగును మ్రింగి చీకటి మచ్చలుగా కనిపిస్తాయి, కొన్ని తామే వెలుగుతాయి.

2009లో హెల్ బృందం వజ్రపు స్ఫటికంలోని నైట్రోజన్ లోపాలను 10 నానోమీటర్ల లోపు స్పష్టతతో చూపినది. 2017లో జర్మనీ, స్వీడన్ శాస్త్రజ్ఞులు అర్ధవాహకపు నానోతీగలలో వెలిగే, వెలుగని ఖండాల వరుసను సాధారణ ఉష్ణోగ్రత వద్దనే వేరుచేసి చూచారు. 2018లో స్విట్జర్లండులోని లొసాన్ పరిశోధకులు బోరాన్ నైట్రైడ్ పొరలలో మినుకుమినుకుమనే లోపాల స్థానాలను సుమారు 10 నానోమీటర్ల కచ్చితత్వంతో గుర్తించారు.

దీని పరిమితులను కూడ చెప్పుట మా విధి. వస్తువు మెరిస్తేనే ఈ పద్ధతి సాగుతుంది. సిలికాన్ స్వతహాగా చాల తక్కువ వెలుగునిస్తుంది. కనుక పూతలో రంగు అణువులను కలుపవలెను, లేదా గాలియం నైట్రైడ్ వంటి మెరిసే పదార్థాలను ఎంచుకొనవలెను. వేలాది చిత్రాలు తీయుటకు కాలం పడుతుంది. కనుక కర్మాగారాలలో నిత్య పరీక్షకు నేటికీ అతినీలలోహిత కాంతి, ఎలక్ట్రాన్ పుంజమే ప్రధానం. ప్రతిదీప్తి పద్ధతి ముఖ్యంగా పరిశోధనశాలలలోనే ఉన్నది.

మన వంతు

కోడూరు వంటి చోట ఈ విషయమెందుకని ఎవరైన అనవచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 9 కోట్ల 60 లక్షల చిప్పులను కూర్చే కర్మాగారానికి 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపినది. అటువంటి చోట లోపాలను పట్టగల చూపు గల యువకులు, యువతులు కావలెను. కాంతి శాస్త్రం మన ప్రాంతానికి క్రొత్త కాదు. 1909లో నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతం గారు 1928లో సర్ సి. వి. రామన్ వద్ద పరిశోధకులుగా చేరి, కాంతి పరిక్షేపణంపై కృషి చేసి, తరువాత బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరు అయినారు.

కోట్ల రూపాయల యంత్రాన్ని మేము కోరుట లేదు. ఒక చీకటి గది, ఒక అతినీలలోహిత దీపం, సూక్ష్మదర్శినికి అమర్చదగిన ఒక కెమెరా సమకూర్చవలెనని కళాశాల కమిటీ వారికి మా మనవి. స్పిరిటులో చిటికెడు పసుపు కలిపి, ఆ దీపం ముందు పెట్టితే ద్రవం ఆకుపచ్చగా మెరుస్తుంది. ప్రతిదీప్తిని గురించి పుస్తకంలో చదివిన విద్యార్థి ఆ మెరుపును ఒకసారి స్వయంగా చూచిన, తరువాతి ప్రశ్నలు తానే అడుగుతాడని మా నమ్మకం.