అబద్ధమని తెలిసీ ఎందుకు ఏడుస్తాం?

తెర మీద ఉన్నది కమల్ హాసన్, జయప్రద అని తెలుసు. ఆమె నుదుటి కుంకుమ మేకప్ గదిలో పెట్టిందనీ తెలుసు. అయినా ‘సాగర సంగమం’లో ఆ బావి సీను వచ్చేసరికి గొంతు పట్టేస్తుంది. కె. విశ్వనాథ్ 1983లో ఇచ్చిన సినిమా అది. కథ మొత్తం కంఠతా వచ్చినవాళ్ళకి కూడా అక్కడ కళ్ళు తడుస్తాయి. అంతా నటన అని తెలిసిన మనసు ఎందుకిలా లొంగిపోతుంది?

ఆ సీనులో ఏముందో నిదానంగా చూద్దాం. కమల్ పాత్ర బాలు తాగి ఉన్నాడు. వానలో, బావి అంచు మీద, ఎప్పుడు జారిపడతాడో తెలియని అడుగులతో నాట్యం చేస్తున్నాడు. అతన్ని ఆపడానికి జయప్రద పాత్ర మాధవి వచ్చింది. ఏళ్ళ కిందట తన ప్రేమను దిగమింగి ఆమెను భర్తతో పంపించిన మనిషి బాలు. ఇప్పుడు ఆ భర్త లేడు. ఆ సంగతి బాలుకి తెలియకూడదని ఆమె బొట్టు పెట్టుకుంది. వాన ఆ కుంకుమను కడిగేయబోతుంటే, అది చెదరకుండా బాలు తన అరచేయి అడ్డం పెట్టాడు.

లేని భర్త కోసం ఆ బొట్టును కాపాడుతున్నానని అతనికి తెలియదు. ఆమెకి తెలుసు. మనకి తెలుసు. అదే సీనులో అతనికి కూడా నిజం తెలిసి ఉంటే ఆ చేయి అడ్డం పెట్టడం మామూలు మర్యాదగా మిగిలేది. మనకీ తెలియకపోయి ఉంటే అందమైన షాట్‌గా మిగిలేది. పాత్రకి తెలియనిది ప్రేక్షకుడికి తెలిసిన ఆ ఖాళీ జాగాలోనే దుఃఖం పుట్టింది. భర్త పోయిన స్త్రీ బొట్టు తీసేయాలన్న ఆచారం క్రూరమైనదే. కానీ ఆ ఆచారం మధ్య పెరిగిన ప్రేక్షకుడికి ఆ ఎర్రటి చుక్క అర్థాన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. దర్శకుడు ఆ ఎరుకనే నమ్ముకున్నాడు.

నా ఉద్దేశంలో సినిమా మనల్ని కదిలించే పద్ధతుల్లో ఇదే అన్నిటికన్నా బలమైనది: ఎవరికి ఏం తెలుసు, ఎవరికి ఏం తెలియదు, ఎంతసేపు తెలియదు. భయపెట్టే సినిమాకీ, నవ్వించే ప్రేమకథకీ కూడా ఇదే పునాది.

మరి భయం దీనితో ఎలా పుడుతుంది?

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫోతో రోజుల తరబడి మాట్లాడుతూ ఒక ఉదాహరణ చెప్పాడు. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. బల్ల కింద బాంబు ఉంది, మనకి తెలియదు. అది హఠాత్తుగా పేలితే పదిహేను సెకన్లు అదిరిపడతాం. అదే బాంబును ముందే మనకి చూపించి, గోడ గడియారం కూడా చూపిస్తే? ఆ ఇద్దరి పనికిమాలిన కబుర్లే పదిహేను నిమిషాల పాటు మన ప్రాణం తోడేస్తాయి. లేవండ్రా బాబూ అని లోపల కేకలు పెడతాం.

ఈ రెండు రకాలూ ఆయన 1960లో తీసిన ‘సైకో’లోనే ఉన్నాయి. స్నానాల గదిలో హత్య మొదటి రకం. ఎవరూ ఊహించరు. హీరోయిన్ అనుకున్న మనిషి సగం సినిమా కాకుండానే పోతుంది. ఆ తర్వాత ఆమె కోసం వెతుకుతూ వచ్చిన డిటెక్టివ్ మోటెల్ పక్కనున్న ఇంటి మెట్లెక్కుతాడు. పైన ఎవరో ఉన్నారని మనకి తెలుసు, అతనికి తెలియదు. ఒక్కొక్క మెట్టూ ఒక్కొక్క గండం. నన్నడిగితే ఆ సినిమాలో అసలైన భయం మెట్ల మీద ఉంది.

అందులో ఇంకొక విచిత్రం ఉంది. స్నానాల గది హత్య జరిగాక, ఆ మోటెల్ నడిపే కుర్రాడు నార్మన్ ఆ శవాన్ని కారులో పెట్టి బురద మడుగులోకి తోస్తాడు. కారు మునుగుతూ మునుగుతూ మధ్యలో ఆగిపోతుంది. ఆ క్షణంలో హాలంతా ఊపిరి బిగబడుతుంది. కారు మునిగితే బాగుండునని కోరుకుంటాం! ఒక హత్యను దాచిపెట్టడానికి మనం మనసులో చేయి వేస్తున్నాం. ఎందుకు? చాలాసేపటి నుంచి ఆ కుర్రాడి పక్కనే ఉన్నాం. అతను నెత్తురు కడుగుతుంటే చూశాం, అతని కంగారు చూశాం. పక్కనే ఉండి చూసినవాడి కష్టం మన కష్టం అయిపోతుంది. మంచీచెడ్డల లెక్క తర్వాత. కెమెరా ఎవరి వెంట నడిస్తే మన గుండె వాళ్ళ వెంట నడుస్తుంది.

నవ్వుకీ ఇదేనా కారణం?

‘మాయాబజార్’ తీసుకోండి. 1957లో కె.వి. రెడ్డి తీశారు. పెళ్ళి పీటల మీద ఉన్నది శశిరేఖ కాదు, ఘటోత్కచుడు. ఆ సంగతి పెళ్ళికొడుకు లక్ష్మణ కుమారుడికి తెలియదు. మనకి తెలుసు. సావిత్రి ఆ కాసేపూ ఆడపిల్ల రూపంలో రాక్షసుడి ఠీవి చూపిస్తుంటే, ఎదురుగా లక్ష్మణ కుమారుడిగా రేలంగి బిక్కచచ్చిపోతుంటే, హాలు పగలబడి నవ్వుతుంది. ఆలోచిస్తే ఇది హిచ్‌కాక్ బల్ల కింది బాంబే. పేలితే ఇక్కడ ఎవరి ప్రాణమూ పోదు, ఒక డంబాచారి పరువు పోతుంది, అంతే. తెలియనితనానికి చెల్లించే మూల్యం ప్రాణమైతే భయపడతాం, పరువైతే నవ్వుతాం, తిరిగిరానిదైతే ఏడుస్తాం.

రొమాంటిక్ కామెడీలో కాస్త మెలిక ఉంటుంది. ఆ ఇద్దరూ ఒకటవుతారని పోస్టరు చూసినప్పుడే తెలుసు. దాచిపెట్టడానికి ముగింపు కూడా లేదు. ఇక మనల్ని కూర్చోబెట్టేదేమిటి? 1955 నాటి ‘మిస్సమ్మ’లో ఉద్యోగం కోసం ఇద్దరు నిరుద్యోగులు మొగుడూ పెళ్ళాలమని అబద్ధమాడి అప్పాపురం చేరతారు. వాళ్ళు దంపతులు కారని ఊరికి తెలియదు, అది నవ్వు. దంపతులు అయిపోతున్నారని వాళ్ళకే తెలియదు, అది శృంగారం. భార్యగా నటిస్తున్న మేరీ మొహంలో కోపం తగ్గి ఇంకేదో రావడం ఆమె కన్నా ముందు మనం చూస్తాం. ఒకరి మనసు వాళ్ళకన్నా ముందు మనకి తెలిసిపోవడంలో ఎంత చనువుందో! తరుణ్ భాస్కర్ 2016లో తీసిన ‘పెళ్ళి చూపులు’లోనూ అంతే. తలుపు పట్టేసి గదిలో ఇరుక్కుపోయిన ఇద్దరు కొత్తవాళ్ళు తమ పాత కథలు చెప్పుకుంటారు. ఇష్టపడ్డామని వాళ్ళు ఒప్పుకునే సరికి మనం చాలా ముందుకి వెళ్ళిపోయి వాళ్ళ కోసం ఎదురుచూస్తూ ఉంటాం.

తెలియడం ఒక్కటే చాలదు, తెలియడానికి టైమూ కావాలి. 1993 నాటి ‘మాతృదేవోభవ’లో క్యాన్సర్ సోకిన తల్లి, తను పోయేలోగా పిల్లలను ఒక్కొక్కరినే దత్తత ఇస్తుంది. ఆ అప్పగింతల సీను ఒక్కటే విడిగా ఫోనులో చూస్తే జాలేస్తుంది. మొదటి నుంచి ఆ ఇంట్లో కూర్చుని చూస్తే తట్టుకోలేం. కన్నీళ్ళు ఆ సీనువి కావు, అంతకు ముందు గంటవి.

మరి సంగీతం సంగతి? అది మెదడును అడగకుండా నేరుగా ఒంటితో మాట్లాడుతుంది. ‘సైకో’ స్నానాల గది సీనుకు సంగీతమే వద్దనుకున్నాడు హిచ్‌కాక్. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లతో కీచుమనే ఆ ముక్క కట్టి వినిపించాక మనసు మార్చుకున్నాడు. ఆ కీచు ఎందుకంత పనిచేస్తుంది? ప్రాణభయంతో అరిచే జంతువు గొంతు హద్దు దాటి బరకగా చీలుతుంది. అమెరికా జీవశాస్త్రజ్ఞుడు డేనియల్ బ్లూమ్‌స్టీన్ మార్మట్ అనే కొండ ఉడుతల అరుపులను పరిశీలిస్తూ వచ్చి, 2010లో తన సహచరులతో కలిసి సినిమా సౌండ్‌ట్రాకులు కూడా పరీక్షించాడు. అలాంటి బరక ధ్వనులు భయానక చిత్రాల్లో ఎక్కువగా కనబడ్డాయి. పసిపిల్ల గుక్కపట్టి ఏడిస్తే తల్లి ఒళ్ళు జలదరించేది కూడా ఇలాంటి ధ్వనికే.

ఇక్కడే మన సినిమాల మీద నాకొక బాధ ఉంది. నిశ్శబ్దంగా ఉన్న సీనులో ఢమాలున ఒక చప్పుడు, తెర నిండా ఒక వికృత మొహం. అది ఉలికిపాటు. తలుపు గాలికి కొట్టుకున్నా ఉలిక్కిపడతాం. దాన్ని భయమనడం తప్పు. అలాగే ఏడుపు సీను మొదలవకముందే రీరికార్డింగ్ ఏడవడం మొదలుపెడితే, ప్రేక్షకుడికి చేయడానికి పనేమీ మిగలదు. నటుల విషయంలోనూ అంతే. పాత్ర కన్నీళ్ళు ఆపుకుంటే మనకొస్తాయి, పాత్రే ఏడ్చేస్తే మనం చూస్తూ కూర్చుంటాం. వందేళ్ళ కిందటే రష్యన్ దర్శకుడు కులెషోవ్ ఏ భావమూ లేని ఒకే మొహాన్ని సూపు గిన్నె పక్కన, శవపేటిక పక్కన, ఒక స్త్రీ పక్కన అతికించి చూపించాడు. చూసినవాళ్ళు అదే మొహంలో ఆకలినీ, శోకాన్నీ, కోరికనూ చూశారని చెబుతారు. భావాన్ని నింపింది ప్రేక్షకుడే.

దుఃఖాన్ని డబ్బిచ్చి కొనుక్కుని మరీ ఎందుకు అనుభవిస్తాం? భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలు చెప్పి కరుణనూ, భయానకాన్నీ శృంగార హాస్యాల పక్కనే కూర్చోబెట్టాడు. తర్వాత భట్టనాయకుడనే ఆలంకారికుడు సాధారణీకరణం అనే మాటతో దీన్ని విప్పాడు. రంగస్థలం మీది దుఃఖం ఫలానా మనిషిదిగా ఉండదు, మనదిగానూ ఉండదు, అందరిదీ అవుతుంది. మన సొంత దుఃఖంలో ఏదో ఒకటి చేయాలి, పరుగెత్తాలి, అప్పు తేవాలి. ఇక్కడ ఏమీ చేయక్కర్లేదు. అందుకే పూర్తిగా అనుభవించగలం. నాకు దొరికిన జవాబుల్లో దీన్ని మించింది లేదు.

అదిరిపాటు మీద కట్టిన సీను రెండోసారికి చచ్చిపోతుంది. తెలియడం మీద కట్టిన సీను చావదు, ఎందుకంటే రెండోసారి మనకి ఇంకా ఎక్కువ తెలుసు. అరవై ఏళ్ళు దాటినా ‘మాయాబజార్’ టీవీలో వస్తే ఇంటిల్లిపాదీ ఆగిపోయేది అందుకే.

చివరగా ఒక మాట. మనిషి ఒంటరిగా ఉన్నప్పటి కన్నా నలుగురిలో ముప్ఫై రెట్లు ఎక్కువగా నవ్వుతాడని రాబర్ట్ ప్రొవైన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తేల్చాడు. కాబట్టి నవ్వుల సినిమాకి, నన్నడిగితే భయం సినిమాకి కూడా, వీలైతే హాలుకే వెళ్ళండి, నలుగురి మధ్య కూర్చోండి. ‘సాగర సంగమం’ ఇంట్లో చూసినా ఫరవాలేదు. ఫోను మాత్రం పక్క గదిలో పెట్టి, మొదటి నుంచి చూడండి.