బోర్డులో మగ్గం చప్పుడు

కౌతాళం పిల్లలకు పత్తి గురించి పుస్తకం కొత్తగా చెప్పేదేం లేదు. సెలవొస్తే చేలో పత్తి తీసేది వాళ్లే. ఆ పత్తి ఆదోని మార్కెట్టుకు పోయాక ఏమవుతుందో మాత్రం చాలామంది చూళ్లేదు. సైన్సు పాఠంలో ‘జిన్నింగ్’ అని ఒక బొమ్మ ఉంటుంది. దాన్ని మోగించొచ్చని టచ్ బోర్డు వచ్చాకే నాకు తోచింది. నాడు–నేడు పథకం కింద 2023 నుంచి మన సర్కారు హైస్కూళ్లకు వచ్చిన ప్యానెళ్లే ఇవి. వీడియో పెట్టి కుర్చీలో కూర్చుంటే అది పెద్ద టీవీ, అంతే.

నేను చేసింది ఒక్క పేజీ. పత్తికాయ, జిన్నింగు మిషను, రాట్నం, మగ్గం. తెలిసినాయన్ను బతిమాలి ఆదోని మిల్లులో మోత పట్టుకొచ్చాను. ఫోను మిషను దగ్గర పెడితే శబ్దం పగిలిపోతుంది, గడప బయట నిలబడితే సరిగ్గా వస్తుంది. మగ్గం కోసం ఎమ్మిగనూరు పోయాను. మాచాని సోమప్ప గారు 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు అది. అక్కడి నాడె చప్పుడు లేకుండా మా పిల్లలకు నేత పాఠమేంది! రాట్నం దొరకలేదు. చిన్నప్పుడు నూలు వడికిన అవ్వ ఒకామె ఆ సంగతులన్నీ చెప్పింది, అదే పెట్టేశాను.

గొంతు రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపాలి. ఫోను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే ‘ప’, ‘భ’ పలికినప్పుడల్లా ఊపిరి మైకుకు కొడుతుంది. ఖాళీ గదిలో మాట మారుమోగుతుంది, బట్టలూ బ్యాగులూ ఉన్న గది మేలు. ముక్కలు కత్తిరించడానికి ఆడాసిటీ చాలు, డబ్బు కట్టే పని లేదు. ఒక్కో ముక్క అర నిమిషం దాటితే పిల్లలు కిటికీలోకి చూస్తారు.

ఫోను రికార్డరు ఎక్కువగా ఎం4ఏ ఫైలు ఇస్తుంది, వాట్సాప్ గొంతు ఓపస్‌లో వస్తుంది. కొన్ని బోర్డు సాఫ్ట్‌వేర్లు వీటిని తీసుకోవు, అందుకే ఎంపీ3గా మార్చుకోవాలి. 64 కేబీపీఎస్‌లో నిమిషం మాట అర ఎంబీ లోపే. ఇంకోటి: కొన్నిట్లో శబ్దం పాఠంలోనే ఇమిడిపోతుంది, కొన్నిట్లో ఫైలు ఎక్కడుందో గుర్తు మాత్రమే ఉంటుంది. పాఠాన్ని ఒక్కదాన్నే పెన్‌డ్రైవులో పక్క గదికి తీసుకుపోతే ఈ రెండో రకం మూగబోతుంది. పాఠం, శబ్దం ఫైళ్లు రెండూ ఒకే ఫోల్డరులో పెట్టి, ఫోల్డరు మొత్తం కాపీ చేసుకోవాలి.

పేజీ తెరవగానే మోగేట్టు పెట్టేవాళ్లున్నారు. నాకది నచ్చదు. బొమ్మలు మూసిపెట్టి ముందు చప్పుడు వినిపించి, ఏందో చెప్పమంటాను. రేడియోలో ‘విందాం నేర్చుకుందాం’ పాఠాలు వచ్చేటప్పుడు మళ్లీ వినాలన్నా కుదిరేది కాదు, ఇక్కడ ఎన్నిసార్లయినా వేలు పెట్టొచ్చు. ఇళ్లలో కన్నడం మాట్లాడే పిల్లలకు ఇది బాగా పనికొస్తోంది. వీడియోలోని టీవీ తెలుగు కంటే అవ్వ తెలుగే వాళ్లకు తొందరగా ఎక్కుతుంది.

సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు మిరప చేలకు అమ్మానాన్నల వెంట పోయే పిల్లలకు బోర్డు అందదు కదా. వాళ్లకు ఆ ఎంపీ3లే అమ్మానాన్నల ఫోనుకు పంపుతాను, పుస్తకంలో ఏ పేజీ తెరవాలో మొదట్లో నా గొంతుతో ఒక మాట చేర్చి.